ఈకల ఈగ, విసురు వల

పాడేరు దాటి లోపలికి వెళితే కాంతమ్మ వాళ్ళ ఊరి పక్కన కొండల్లోంచి పారే గెడ్డ ఒకటి ఉంది. మీరు తప్పకుండా వెళ్ళండి. నీళ్ళు చల్లగా ఉంటాయి. కాంతమ్మ చేతి పనసకాయ కూర ఒకసారి తింటే మళ్ళీ అడుగుతారు. సాయంత్రం ఆ నీళ్ళమీద జరిగే సంబరం మాత్రం మీరు ఇంకెక్కడా చూసి ఉండరు. ఒక్కటే మనవి. అక్కడెవరైనా "విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు, ఈకలతో చేపలు పడతానన్నాడు, మీకేమైనా తెలుసా" అని అడిగితే తెలీదని చెప్పండి. పోయిన పరువు ఎలాగూ పోయింది, దాన్ని మళ్ళీ కదిలించకండి.

నేను రేవులో ఓడల కాగితాలు చూసే గుమాస్తాని. పుట్టింది జాలరి ఇంట్లోనే. నాన్న వేటకి వెళ్ళేవాడు. నేను మాత్రం చదువుకుని, ఫ్యాంటు తొడుక్కుని, గాజువాకలో ఫ్లాటు తీసుకుని, చేపల వాసన తగలకుండా బతుకుతున్నాను. అలాంటివాడికి ఈ ఈకల పిచ్చి ఎలా పట్టిందంటే, బొగ్గు దించడానికి వచ్చిన ఒక విదేశీ ఓడ చాలా రోజులు లంగరేసుకుని ఉండిపోయింది. అందులో ఒక ఇంజనీరు సాయంత్రాలు డెక్కు మీద సన్నటి కర్ర ఊపుతూ, దారాన్ని గాల్లో ముందుకీ వెనక్కీ ఆడించేవాడు. కాగితాలమీద సంతకాలకి వెళ్ళి నేను నోరు తెరుచుకుని చూశాను. పోయేముందు ఒక పాత కర్ర, ఒక చిన్న డబ్బా నాకిచ్చేసి వెళ్ళాడు. డబ్బా నిండా ఈకలూ బొచ్చూ గాలాలకి చుట్టి కట్టిన దొంగ ఈగలు.

ఆ తర్వాత ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అనుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? అలాంటి సరదా ఉన్నవాళ్ళ గ్రూపు ఒకటి దొరికితే చేరి, అందులో పెద్ద అనుభవం ఉన్నవాడిలా రాసేవాడిని. హైదరాబాదులో ఒక డాక్టరు గారు నా రాతలు నమ్మారు. "మీ ఏజెన్సీ గెడ్డల్లో ఎప్పుడు ఆడదాం?" అని అడిగారు. ఆయన ఏటా ఉత్తరాది కొండల్లో ట్రౌటు చేపల కోసం వెళతారు. నేను ఆయనకి నచ్చితే ఈసారి నన్నూ తీసుకెళతారని నా ఆశ. ఈ ప్రయాణమంతా ఆ ఆశ కోసమే.

పాత ఊరు

బయలుదేరిన ఉదయం మొదట పాత ఊళ్ళో జాఫర్ భాయ్ దుకాణానికి వెళ్ళాం. జరీ, పట్టుదారం, దర్జీలకి కావలసిన సామానంతా ఆయన దగ్గర దొరుకుతుంది. నా ఈగలకి కావలసిన సన్నటి దారం ఆయన దగ్గరే కొంటాను.

వెళ్ళాం అన్నాను కదా, రెండోవాడు నా భార్య అన్న నూకరాజు. నేను అతన్ని బావా అంటాను, అతను నన్ను బావా అంటాడు. అది వేట నిషేధం నడుస్తున్న కాలం. చేపలు గుడ్లు పెట్టే రోజులని సర్కారు మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఆపేస్తుంది. సముద్రం మీదికి వెళ్ళలేని నూకరాజు మా ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీతో మాట్లాడుతున్నాడు. మా ఆవిడ ధనం, "అన్నయ్యని తీసుకెళ్ళండి, పాపం కాలూ చెయ్యీ ఆడటం లేదు" అంది. నాకు ఇష్టం లేదు. ఆ మాట చెప్పే ధైర్యమూ లేదు.

జాఫర్ భాయ్ నేను కట్టిన ఈగని అరచేతిలో పెట్టుకుని కళ్ళజోడు సవరించుకున్నాడు. గాలం చుట్టూ కోడిపుంజు మెడ ఈక, పైన గుడారంలా వాలిన మేకబొచ్చు రెక్క.

"అరె భాయ్, ఈగకి కూడా షేర్వాణీ కుట్టేత్తన్నావేటి?" అన్నాడు.

"సేపల పెళ్ళికి ఎల్తన్నాం భాయ్," అన్నాడు నూకరాజు. "మా బావ పెళ్ళికొడుకు, నాను తోడు పెళ్ళికొడుకుని."

ఇద్దరూ పగలబడి నవ్వారు. జాఫర్ భాయ్ గోధుమరంగు దారం ఉండ ఒకటి ఊరికే ఇచ్చాడు. నేను మాత్రం నవ్వలేదు. ఇలాంటి మాటలు డాక్టరు గారి ముందు కూడా అంటాడేమోనని అప్పుడే గుండెలో రాయి పడింది.

ఆటోనగర్

కర్రకి రెండు ముక్కలు కలిసే చోట ఇత్తడి తొడుగు వదులైపోయింది. దాన్ని బిగించడానికి ఆటోనగర్లో ఒక లేతు షాపు ముందు ఆగాం. ఎటు చూసినా లారీల చట్రాలు, గ్రీజు, రేకులు కొట్టే చప్పుడు. మిస్త్రీ కర్రని ఊపి చూసి, "ఇదేటి సార్, యాంటెన్నానా?" అని అడిగాడు.

నూకరాజు అతన్ని కూర్చోబెట్టి అంతా వివరించాడు. మామూలు గాలానికి బరువు కట్టి విసురుతామనీ, ఇక్కడ ఈగకి బరువే ఉండదు కాబట్టి దారాన్నే విసరాలనీ, దారం వెళ్ళి వాలితే దాని కొసన ఈగ మెల్లగా దిగుతుందనీ. కారులో నేను చెప్పిందంతా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. చివర్న, "మా వాడలో ఎవుడికీ రాదిది. మా బావకొక్కడికే వొచ్చు," అన్నాడు.

నేను పక్కకి తిరిగి ఫోను చూసుకుంటున్నట్టు నటించాను. అతను నన్ను చూసి గర్వపడుతున్నాడు, నేనేమో అతని లుంగీని చూసి కుంచించుకుపోతున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఛీ అనిపిస్తుంది.

సబ్బవరం

సబ్బవరం దగ్గర టీకి ఆగాం. ఒకప్పుడు చెరకు తోటలుండే చోట ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు, రంగు జెండాలు. టీ కొట్టు మాత్రం పాక కిందే ఉంది. గాజువాకలో టీ చిన్న కాగితం గ్లాసులో పోసి పదిహేను పుచ్చుకుంటున్నారు, ఇక్కడ పది రూపాయలకి గాజు గ్లాసు నిండా పోస్తారు. కొట్టావిడ నడివయసు మనిషి, నోరు ఆగదు. మేమిద్దరం టీ డబ్బులు నేనిస్తాను నేనిస్తాను అని లాక్కుంటుంటే చూసి, "ఏటర్రా, బావా బావా అంటూ గ్లాసులు పగలగొట్టీసీలా ఉన్నారు! ఒకడు ఎల్లినప్పుడు ఇయ్యండి, ఒకడు వొచ్చినప్పుడు ఇయ్యండి," అని తగువు తీర్చింది. ఆ పూటకి నూకరాజు ఇచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు నా వంతు.

ఎదురుగా మామిడిపళ్ళు కొని డిక్కీ తెరిచాను. గుప్పున వాసన. నా సూట్‌కేసు పక్కన గోనెసంచి, అందులో ఎండు నెత్తళ్ళు, వేలెడంత సన్న చేపలు. సంచి కింద మడతపెట్టిన విసురు వల, అంచుకి సీసపు గుళ్ళు.

"వల ఎందుకు బావా?" అన్నాను, గొంతు తగ్గించి.

"వల నేకుండా సేపల కాడికి ఎల్తారేటి? సొక్కా నేకుండా పెళ్ళికి ఎల్లినట్టు ఉంటాది."

"అక్కడ వల తియ్యకు."

"తియ్యనులే. ఊరికే ఉంటాది. తోడుకి."

నేను నా తువ్వాలు తీసి వలమీద కప్పాను. వాసన ఆగుతుందని కాదు. డాక్టరు గారు డిక్కీలోకి తొంగి చూస్తే కనబడకుండా.

గెడ్డ, మొదటి సాయంత్రం

ఘాటు రోడ్డు గురించి చెప్పను, కడుపులో తిప్పింది, ఆగాం, మళ్ళీ బయలుదేరాం. మధ్యాహ్నం దాటాక కాంతమ్మ ఇల్లు చేరాం. ఇంటి వెనక రెండు గదులు కట్టి పట్నం వాళ్ళకి అద్దెకిస్తుంది. చురుకైన మనిషి. నూకరాజు దిగీ దిగగానే గోనెసంచి ఆవిడ చేతిలో పెట్టాడు. మా ఒడ్డున ఎవరింటికైనా ఒట్టి చేతులతో వెళ్ళరు. నేను స్వీట్ల డబ్బా తీసుకెళ్ళాను, అది ఆవిడ బల్లమీద పెట్టి మరిచిపోయింది. నెత్తళ్ళ సంచి మాత్రం ముఖం దగ్గర పెట్టుకుని వాసన చూసి, "అబ్బ, అన్నయ్యా! సంతలో దొరికేవి ఇలాగుండవు," అంది. ఆ రాత్రి నెత్తళ్ళు, చింతచిగురు కలిపి వండింది. రాగి సంకటి లాంటిదేదో పక్కన పెట్టింది. నేను దాని పేరు అడిగి మరిచిపోయాను, నూకరాజు మూడోసారి వడ్డించుకున్నాడు.

దానికి ముందు, ఇంకా వెలుగుండగా, గెడ్డకి వెళ్ళాం. నూకరాజు గెడ్డ ఎగువకి వెళ్ళి స్నానానికి దిగాడు. కాంతమ్మ నాకు గుండం చూపించింది. పెద్ద బండ కింద గెడ్డ మలుపు తిరిగే చోట లోతైన నిలువ నీళ్ళు. పక్కలమీద నీలం చారలున్న వెండి చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి.

"ఇక్కడ వల వెయ్యకూడదన్నయ్యా. పండగ వరకూ ఎవులూ వెయ్యరు, అది ఊరి కట్టు," అంది కాంతమ్మ. "గాలంతో పట్టి మళ్ళీ వదిలేస్తారని నాను పెద్దలకి మాటిచ్చినాను. ఈ గదులు నడవాలంటే ఆ మాట నిలబడాల."

నేను తల ఊపాను. నూకరాజు స్నానం చేసి వచ్చాక ఈ సంగతి అతనికి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. వల మాట ఎత్తితే కాంతమ్మకి డిక్కీలో వల ఉందని తెలుస్తుంది, పరువు తక్కువ. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత అనేది రానే లేదు.

నూకరాజు తల తుడుచుకుంటూ వచ్చేసరికి నేను నీళ్ళలో రాళ్ళు తిరగేస్తున్నాను. రాయి అడుగున పుల్ల ముక్కల్లాంటివి అంటుకుని ఉన్నాయి. అవి పుల్లలు కావు. ఇంగ్లీషులో కాడిస్‌ఫ్లై అంటారు, మన భాషలో పేరుందో లేదో నాకు తెలీదు, నేను గూటి పురుగు అంటాను. ఈ పురుగు ఇసుక రేణువులు, పుల్లలు ఏరుకుని, తన నోట్లోంచి వచ్చే పట్టుతో అతికించి, ఒంటి చుట్టూ గొట్టంలా గూడు కట్టుకుంటుంది. తల బయటపెట్టి, గూడు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పెరిగాక అందులోనే తలుపు మూసుకుని రూపం మార్చుకుంటుంది. ఒక సాయంత్రం గూడు కొరికి బయటపడి నీళ్ళపైకి దూసుకొస్తుంది, రెక్కలు విప్పి ఎగిరిపోతుంది. ఒకటి కాదు, వేలు. అదే చేపలకి విందు.

నూకరాజు ఒక గూడుని గోటి మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఓలమ్మో! ఇంత పురుక్కి సొంతిల్లా? మా వాడలో నాకింకా పట్టా రానేదు బావా. దీనికెవుడిచ్చినాడు?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ప్రయాణంలో నేను నిజంగా నవ్వింది అప్పుడే. అతను ఆ గూడుని తీసిన రాయి మీదే మళ్ళీ పెట్టి, రాయిని జాగ్రత్తగా బోర్లించాడు.

గుండం

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు గారు వచ్చారు. తెల్లటి టోపీ, జేబుల చొక్కా, మంచి కర్ర. మంచాయనే. తగువు పెట్టుకుందామన్నా కారణం దొరకనంత మర్యాద. ఆయన కారు డ్రైవరు ఇంటి వెనక చెట్టుకింద కూర్చున్నాడు. నూకరాజుని నేను ఎవరికీ పరిచయం చెయ్యలేదు. గెడ్డ దగ్గర అతను దూరంగా బండ మీద కూర్చుని మామిడిపండు తింటున్నాడు.

పొద్దు కొండ వెనక్కి జారాక మొదలైంది. మొదట నీళ్ళమీద ఒకటి రెండు రెక్కలు. తర్వాత గడ్డి పరకల మీద, రాళ్ళమీద, నా కళ్ళజోడు మీద కూడా. గోధుమరంగు, చిన్న గుడారం మడతపెట్టినట్టు వీపు మీదికి వాలిన రెక్కలు. కొన్ని గుడ్లు పెట్టడానికి నీళ్ళని తాకి ఎగురుతూ, తాకి ఎగురుతూ గంతులేస్తున్నాయి. గుండమంతా చేపలు లేచాయి. ముచ్చటగా సుడి తిప్పి మింగడం కాదు, పురుగు ఎగిరిపోయేలోగా అందుకోవాలన్న ఆత్రంతో టప్పుమని నీళ్ళు చిమ్మి పైకి గెంతుతున్నాయి.

"అబ్బ, ఏం సీనండీ! మొదట మీరే వెయ్యండి," అన్నారు డాక్టరు గారు.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఈగని చేపల పైవాలున, అంటే నీళ్ళు వచ్చే వైపు, దింపాలి. నీళ్ళు తీసుకెళ్ళినట్టు దాన్ని వెళ్ళనివ్వాలి, దారం లాగకూడదు, లాగితే ఈగ వెనక గీత పడుతుంది, చేప బెదురుతుంది. అది దగ్గరికొచ్చాక కర్ర కొసని కొంచెం, చాలా కొంచెం కదిపితే నిజం పురుగు గంతేసినట్టు ఉంటుంది. ఇవన్నీ గ్రూపులో పేజీలు పేజీలు రాశాను.

మొదటిసారి ఈగ వెనక కొమ్మకి తగులుకుంది. రెండోసారి దారం నా టోపీకి చుట్టుకుంది. ఎలాగో నీళ్ళలో పడ్డాక ప్రవాహం దారాన్ని లాక్కుపోయి, నా ఈగ మోటారు బోటులా గీత గీసుకుంటూ పోయింది. చేపలు దాన్ని వదిలి పక్కవాటిని తింటున్నాయి. అవి ఇంకా పైకి చేరని, నీళ్ళలోంచి ఎక్కుతున్న పురుగుల్నే ఎక్కువ తింటున్నాయనీ, తేలే ఈగ మార్చి మునిగే ఈగ కట్టాలనీ తర్వాత తట్టింది. అప్పుడు బుర్ర పనిచెయ్యలేదు. మళ్ళీ విసిరితే గాలం నా కాలరు వెనక గుచ్చుకుంది. డాక్టరు గారు వచ్చి మెల్లగా తీసి, "ఫర్లేదండీ, ఒక్కోరోజు అంతే," అన్నారు. ఆ జాలికి భూమిలోకి కుంగిపోయాను.

నూకరాజు చూస్తున్నాడని నాకు తెలుసు. అతను ఎప్పుడు లేచాడో, ఎప్పుడు కారు దగ్గరికి వెళ్ళాడో నేను చూడలేదు. "బావా, తప్పుకో!" అన్న కేక వినబడింది. తల తిప్పేసరికి లుంగీ ఎగ్గట్టి, వల అంచు పళ్ళతో పట్టుకుని, నడుం తిప్పి విసిరాడు. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని గుండాన్ని పూర్తిగా కప్పేసింది. సీసపు గుళ్ళు ఒక్కసారిగా నీళ్ళలో పడ్డాయి. లాగాడు. వల నిండా వెండి తళతళ.

"పట్టు బావా! అన్నీ నీయే!" అని నవ్వుతూ నా వైపు చూశాడు. నా పరువు నిలబెట్టేశాననుకున్నాడు. మా ఒడ్డున ఒకడి వల ఖాళీగా వస్తే పక్కవాడు తన వల వేసి ఆదుకుంటాడు. అడగక్కర్లేదు. అతనికి తెలిసిన మర్యాద అది.

ఒడ్డున నిలబడి చూస్తున్న కాంతమ్మ రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. డాక్టరు గారి మొహం మాడిపోయింది. చేపలు లేవడం ఆగిపోయింది, పైన పురుగులు మాత్రం ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.

"ఎవరండీ ఈయన?" అన్నారు డాక్టరు గారు. "మిమ్మల్ని బావా అంటున్నాడు. మీ చుట్టమా?"

నూకరాజు నాకు మూడడుగుల దూరంలో, మోకాళ్ళ లోతు నీళ్ళలో, వల పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపే చూస్తున్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"అబ్బే, కాదండీ," అన్నాను. "మా వైపు అందరూ అందర్నీ బావా అనే పిలుస్తారు. డ్రైవరు. తెలీక చేశాడు."

నా నోరు పడిపోను, అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. తడుముకోలేదు కూడా.

నూకరాజు మొహంలో నవ్వు ఎటు పోయిందో చూడలేదు, నేను తల దించుకున్నాను. కాంతమ్మ అతని దగ్గరికి పోయి ఊరి కట్టు సంగతి చెప్పింది. "నాకు తెల్దమ్మా. ఎవులూ సెప్పనేదు," అని మాత్రం అన్నాడు. ఒడ్డుకి వచ్చిన చేపని మళ్ళీ నీళ్ళలో వెయ్యడం మా వాళ్ళకి అపశకునం, గంగమ్మ పెట్టింది వద్దన్నట్టు. అతను మాత్రం నీళ్ళలో గొంతుక్కూర్చుని, వల మడత మడతా విప్పి, ఒక్కొక్క చేపనీ వదిలేశాడు. మొప్పలు చిక్కుకున్నవాటిని గోటితో విడిపించాడు. అన్నీ బతికాయి. కాంతమ్మ ఆ సాయంత్రమే వెళ్ళి పెద్దలతో మాట్లాడి వచ్చింది. చేపలన్నీ తిరిగి నీళ్ళలోకి వెళ్ళాయి కాబట్టి ఊరు ఊరుకుందట.

భోజనాల దగ్గర నూకరాజు లేడు. చూస్తే వెనక చెట్టుకింద డాక్టరు గారి డ్రైవరు పక్కన కూర్చుని తింటున్నాడు. ఇటు డాక్టరు గారు ట్రౌటు నది గురించి చెబుతూ, వచ్చే సీజన్లో నన్నూ పిలుస్తానంటున్నారు. నేను ఇన్నాళ్ళూ కోరుకున్న మాట. కాంతమ్మ పనసకాయ కూర వడ్డిస్తే ముద్ద దిగలేదు.

మళ్ళీ సబ్బవరం

మర్నాడు ఉదయం నూకరాజు కారు తుడిచి, వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కండి సార్."

నేను ముందు తలుపు దగ్గరికి వెళ్ళాను. అడ్డం వచ్చాడు. "సార్లు ఎనకాల కూకుంటారు." డాక్టరు గారు అరుగు మీద కాఫీ తాగుతూ చూస్తున్నారు. నోరు మూసుకుని వెనక కూర్చున్నాను. నూకరాజు తాళం తిప్పాడు. చేపల వ్యాను నడిపే చెయ్యి, నాకంటే బాగానే నడుపుతాడు.

మొదటి మలుపు దాటాక, "బావా, నోరు జారింది," అన్నాను.

"డ్రైవరుతో మాటాడకండి సార్. ఘాటు రోడ్డు."

"నన్ను తిట్టు. రెండు తగిలించు కావాలంటే."

"ఏసీ ఎక్కువ సెయ్యమంటారా సార్?"

అతను ఎగతాళి చెయ్యడం లేదు. గొంతులో ఏ వెటకారమూ లేదు. అదే భరించలేకపోయాను. దిగిన ప్రతిచోటా తలుపు తీశాడు, ఎక్కిన ప్రతిచోటా వేశాడు. నా నీళ్ళ సీసా నాకు అందించాడు. ఘాటు దిగేదాకా "మీరు", "సార్", "అండీ". పుట్టి బుద్ధెరిగాక అతని నోట నేను ఆ మాటలు వినలేదు.

సబ్బవరంలో నేనే ఆపమన్నాను. నా వంతు టీ ఉంది కదా. నూకరాజు దిగి కారు పక్కనే నిలబడ్డాడు, పాక కిందికి రాలేదు. నేను రెండు గ్లాసులు చెప్పాను. కొట్టావిడ రెండూ బల్లమీద పెట్టి, అటూ ఇటూ చూసింది.

"ఏటి, మీ బావ రాడేటి?"

నేను ఏదో గొణిగాను.

"ఎల్లినప్పుడు అంత గోల సేసినారు, ఇప్పుడేటైందర్రా?" అని ఆవిడే ఒక గ్లాసు తీసుకెళ్ళి అతనికిచ్చింది. అతను నిలబడే తాగాడు. ఒక్కసారి చూసిన టీ కొట్టావిడకి మేం బావలమని తెలుసు. నేను మాత్రం కాదన్నాను. డబ్బులిస్తుంటే ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

ఇంటి దగ్గర ధనం గేటులోకి వచ్చి, "ఎలా జరిగిందన్నయ్యా?" అని అడిగింది. నేను గుండె చిక్కబట్టుకున్నాను. నూకరాజు కాంతమ్మ ఇచ్చిన పనసపండు దించి అరుగు మీద పెట్టాడు.

"బోల్డు సేపలు పట్టినాడు సెల్లీ. డాక్టరు గారు ఒకటే మెచ్చుకోడం," అన్నాడు.

లోపలికి రమ్మంటే రాలేదు. వల భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయాడు. డ్రైవరన్న మాట చెల్లెలి దగ్గర బయటపెట్టలేదు. నా పరువు అప్పుడు కూడా అతనే కాపాడాడు. "ఏంటి, అన్నయ్య మీతో మాటాడకుండా వెళ్ళాడు?" అంది ధనం. అలసిపోయాడన్నాను.

ఒడ్డు

ప్రయాణం అక్కడితో అయిపోయిందనుకుంటే కాలేదు.

నిషేధం ఎత్తేసే ముందు రోజు డాక్టరు గారి మెసేజి వచ్చింది. ట్రౌటు నదికి ఏర్పాట్లు చేస్తున్నారట, నన్ను రమ్మన్నారు. చివర్న రాశారు: "మీ డ్రైవరుని కూడా తీసుకురండి. పాపం, మంచి మనిషి. వల మాత్రం వద్దని చెప్పండి." పక్కన నవ్వు బొమ్మ. ఆ మెసేజి ఎన్నిసార్లు చదివానో. జవాబు టైపు చేసి చెరిపాను, మళ్ళీ టైపు చేసి చెరిపాను.

బోట్లు తిరిగొచ్చే ఉదయం నేను జాలరి వాడకి వెళ్ళాను. చాలా ఏళ్ళుగా ఆ వేళకి ఒడ్డుకి వెళ్ళలేదు. ఇసుకంతా జనం. నూకరాజు బోటు అలల మీద కనబడింది. ముక్కు ఒడ్డుకి తగలగానే తాడు విసిరారు. మా ఒడ్డున ఒక పద్ధతి ఉంది. బోటు లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ వేటలో కొంత పెడతారు, పిలిచి మరీ పెడతారు. నేను బూట్లు విప్పి, ఫ్యాంటు మడిచి, తాడు చివర పట్టుకున్నాను. వాటా కోసం కాదు. ఇంకెలా దగ్గరికి వెళ్ళాలో తెలియక.

నూకరాజు నన్ను చూశాడు. నేను లాగాను. అరచేతులు మండాయి. నాన్న తాడు లాగే రోజుల్లో ఎలా నిలబడాలో కాళ్ళకి గుర్తుంది గానీ నడుముకి లేదు.

కానాగంతలు బాగానే పడ్డాయి. ఇసుకలో పట్టా పరిచి కుప్పలు పోస్తున్నారు. కొనడానికి వచ్చిన ఒకావిడ, మునివేళ్ళతో చేప కళ్ళు నొక్కి చూస్తూ, నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవులు రాజూ ఈ ఫ్యాంటు బాబు? తాడట్టుకున్నాడు."

అతను డ్రైవరంటాడని అనుకున్నాను. అనాలనే కోరుకున్నాను, నిజం. అంటే మేమిద్దరం సరిసమానం అయిపోతాం, నాకు ఊపిరాడుతుంది.

నూకరాజు తల ఎత్తలేదు. చేపలు ఎంచుతూనే చెప్పాడు.

"మా బావ. మా సెల్లి మొగుడు. ఈకల్తో సేపలు పడతాడు, ఆటోనగర్‌లో అడుగు, సెప్తారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "ఈకల్తోటా!" అందావిడ. అతను రెండు చేతుల నిండా కానాగంతలు తీసి, నా మెడలో ఉన్న తువ్వాలు లాగి, అందులో పోసి మూట కట్టాడు. డిక్కీలో అతని వలమీద నేను కప్పిన తువ్వాలే అది. నాకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. అందరూ చూస్తున్నారు, అయినా ఆపుకోలేకపోయాను. "సర్లే, సర్లే, సేపలు మెత్తబడిపోతాయి, ఎల్లు," అన్నాడు.

అక్కడే ఇసుకలో నిలబడి, చేపల జిగురంటిన వేళ్ళతో డాక్టరు గారికి రాశాను. "ఆయన మా డ్రైవరు కాదండీ. మా ఆవిడకి సొంత అన్నయ్య, మా బావ. ఆ రోజు మీ ముందు సిగ్గుపడి అబద్ధం చెప్పాను. నేను రాలేను." పంపించేశాను. ఆయన చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

ఆ మూట తీసుకుని సిటీ బస్సెక్కాను. పక్కన కూర్చున్నాయన ముక్కు మూసుకుని వేరే సీటుకి మారాడు. నేను మూటని ఒళ్ళోంచి దించలేదు. ధనానికి ఆ సాయంత్రం అంతా చెప్పాను. ఆవిడ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం న్యాయమే.

నూకరాజు మళ్ళీ మా ఇంటికి వస్తున్నాడు, సోఫాలో కూర్చుని టీవీతో మాట్లాడుతున్నాడు. బావా అనే పిలుస్తాడు. కాకపోతే ఎప్పుడైనా, ఏ కారణమూ లేకుండా, మంచినీళ్ళ గ్లాసు అందిస్తూనో, గేటు తీస్తూనో, మెల్లగా "ఇదిగోండి సార్" అంటాడు. నిన్న కూడా అన్నాడు.